మీరావలి కుడి చెయ్యి

ముప్పై రెండేళ్లు జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేశాను. త్రాసులు, శ్రుతిదండాలు, స్ప్రింగులు, పిల్లలు పాడుచేసిన ప్రతి వస్తువునూ బాగుచేసి మళ్లీ బల్ల మీద పెట్టాను. అలాంటి నాకు మా ఇంటి కంప్యూటరు ఒక పొద్దున తెర మీద ఇలా చూపించింది: "మీ యంత్రానికి వయసు మీరింది. ఈ నెల ముప్పైతో సేవలు ఆగిపోతాయి. కొత్త యంత్రానికి మారండి." ఒళ్లు మండదా? యంత్రం నిక్షేపంగా ఉంది. దుమ్ము కూడా పట్టనివ్వలేదు నేను. నాకూ వయసు మీరిందని కాలేజీ వాళ్లు పంపించేశారు గానీ, అందుకని నా చేతులు పనిచేయడం మానేశాయా?

ఆగితే ఆగనీ అనుకుని ఊరుకోవడానికి లేదు. ఆ కంప్యూటరు ఆగిన రోజున మా ఆయన కుడి చెయ్యి కూడా ఆగిపోతుంది.

మా ఆయన పేరు మీరావలి. తెనాలిలో హార్మోనియం పెట్టెలు శ్రుతి చేస్తారు. నాటకాల వాళ్లూ, భజన సమాజాల వాళ్లూ, చర్చిల వాళ్లూ అందరి పెట్టెలూ మా వరండాకే వస్తాయి. ఏడేళ్ల క్రితం ఒక కంపెనీ వాళ్లు చేతిపనుల వాళ్ల చేతులను నమోదు చేసుకుంటామని ఊళ్లు తిరిగారు. మణికట్టుకు వెడల్పాటి పట్టీ కట్టుకుని మామూలుగా పని చేసుకుంటే చాలు. ఏ కండరం ఎప్పుడు ఎంత బిగిసిందో ఆ పట్టీ చదివి కంప్యూటరులో దాస్తుంది. మా ఆయన ఎనిమిది నెలలు కట్టుకున్నారు. పట్టీనీ, కంప్యూటరునూ వాళ్లు మాకే వదిలేసి వెళ్లారు.

ఆ తర్వాత రెండేళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అప్పుడు అదే పట్టీ వెనక్కి పనిచేసింది. ఆయన ఏదైనా చేయాలనుకుంటే ముంజేతిలో కండరం కాస్త కదులుతుంది. పట్టీ దాన్ని పసిగట్టి కంప్యూటరుకు చెబుతుంది. దాచిపెట్టిన కదలికల్లో సరిపోయేదాన్ని కంప్యూటరు వెతికి వేళ్లకు పంపుతుంది. మొదటిరోజు ఆ చెయ్యి ఆకురాయి అందుకుని, పెట్టెలో స్వరం పలికే ఇత్తడి నాలుక, రీడు అంటారు, దాని కింద పల్చటి రేకు దూర్చి, మొన మీద నాలుగు గీతలు గీసింది. ఆయన బల్ల మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

కాబట్టి కంపెనీ వాళ్ల మీద నాకు కృతజ్ఞత లేకపోలేదు. కానీ నాలుగేళ్లుగా మా వరండాలో ఏదో తేడాగా ఉంది. పని శుభ్రంగా సాగుతోంది. చెయ్యి తొణకదు, వణకదు. భజనల వాళ్లు బాగుందనే అంటున్నారు. ఆయన మాత్రం మాటలు తగ్గించేశారు. శ్రుతి చేసిన పెట్టెను మునుపు ఒక అరగంట వాయించి మురిసిపోయే మనిషి, ఇప్పుడు మూత పెట్టి పక్కకు తోసేస్తున్నారు. అడిగితే "ఏముందే, బాగానే ఉంది కదా" అనేవారు.

ఆ తెర మీద మాట వచ్చిన వారంలోనే ఈశ్వరమ్మ వచ్చింది. పౌరాణిక నాటకాల్లో మగవేషం కట్టి ముప్పై ఏళ్లుగా పద్యాలు పాడుతున్న మనిషి. ఆమె పాత పెట్టెను మా ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేదు. పెట్టెను గట్టు మీద దించి, ముఖం చిట్లించుకుంది.

"మీరావలన్నా, ఏమీ అనుకోకు. నువ్వు పోయినసారి చేసిచ్చిన పెట్టె తప్పు పలకట్లా. నా పెట్టెలాగా మాత్రం పలకట్లా. గుంటూరులో ఒకాయన పెట్టె తీసుకుని పాడా, నీది తీసుకుని పాడా. రెండూ ఒకటే. అందరి పెట్టెలూ ఒకేలా ఉంటే నీ దగ్గరికి రావడం దేనికన్నా?"

"ఇంకోసారి చూస్తాలే చెల్లెమ్మా" అన్నారాయన, ఆమె కళ్లలోకి చూడకుండా.

"వచ్చే నెల మొదట్లో నాటకం ఉంది. అప్పటికి కుదిరితే సరే. లేకపోతే పెట్టె తీసుకెళ్లి గుంటూరులోనే ఇస్తా. మనసులో పెట్టుకోమాక వదినా" అని నాకూ చెప్పి వెళ్లింది.

ఆయన ఆ పూట అన్నం సగంలో వదిలేశారు. నేను కంపెనీకి ఫోను చేయలేదు. పత్రికలో చూసి దాచుకున్న ఒక నంబరుకు చేశాను. 'అరుగు' అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఉచితం. దాని లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు ఇవ్వొచ్చు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి తయారు చేశారు. కొత్తగా చేరేవాళ్లకు అందులోనే ఉన్నవాళ్లు ఫోనులో సాయం చేస్తారు. నాకు దొరికిన మనిషి సిద్దిపేటలో నర్సు. పేరు స్వరూప.

"పాత కంప్యూటరా అక్కా? మంచిదే. అరుగు దాని మీద హాయిగ నడుస్తది" అంది.

"కంప్యూటరు సంగతి సరేనమ్మా. దాని వెనక మా ఆయన చెయ్యి ఉంది."

"నా ఎడమకాలు మూడేండ్ల సంది అరుగు మీదనే నడుస్తున్నది అక్కా. బస్సు ప్రమాదంల పోయింది. ఇప్పుడు రోజుకు రెండు వార్డులు తిరుగుత. పరేషాన్ గాకు."

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. అసలు నాకు ధైర్యం తక్కువెప్పుడూ కాదు. స్వరూప చెప్పినట్టు అరుగును ఒక పెన్‌డ్రైవులోకి దించాను. దాన్ని గుచ్చి కంప్యూటరును మళ్లీ తెరిస్తే, డిస్కులో ఏమీ కదిలించకుండానే కొత్త సిస్టమ్ నడిచి చూపిస్తుంది. నచ్చకపోతే పీకేయొచ్చు. పొద్దున పదింటికి అలాగే తెరిచాను. మా ఆయన కదలికలు ఉన్న ఫోల్డరును చట్టం ప్రకారం కంపెనీ వాళ్లు మాకు ఇచ్చి తీరాల్సిందే కాబట్టి ఇచ్చారు. వాటి మీద వాళ్లు చేసే మెరుగు మాత్రం వాళ్లదే, ఇవ్వరు. ఆ ఫోల్డరులో రెండువందల పన్నెండు రోజుల పని ఉంది.

"ఒక రీడు గీసి చూడండి" అన్నాను.

చెయ్యి లేచింది. కాస్త వణికింది. ఆకురాయి పట్టుకునే ముందు బొటనవేలిని చొక్కా అంచుకు తుడుచుకుంది. అది మా ఆయన అలవాటు. నాలుగేళ్లుగా ఆ చెయ్యి అలా తుడుచుకోలేదు, నేను గమనించనేలేదు. పది గీతలు గీసింది.

"చాలు, చాలు" అన్నాను సంబరంగా.

అదే నా పొరపాటు. ల్యాబులో పిల్లలకు ముప్పై రెండేళ్లు చెప్పాను, ప్రయోగం చివరిదాకా చూడకుండా ఫలితం రాయొద్దని. నేనే చివరిదాకా చూడలేదు. ఫోల్డరును రెండు వేరు డిస్కుల్లోకి ఎక్కించి, వాటి మీద పేరు రాసి అతికించి, అరుగును ఎక్కించమన్నాను. "ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది. కొనసాగించాలా?" అని అడిగింది. అవునని నొక్కాను. గంటలోపే పనయిపోయింది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నప్పుడు మొదటి దెబ్బ తగిలింది. ఆయన చెయ్యి అన్నం మీదికి వెళ్లి ఊరుకుంది. కలపడం రాలేదు. నీళ్లగ్లాసు పట్టుకోవడం రాలేదు. చొక్కా బొత్తాం పెట్టడమూ రాలేదు. ఆలోచిస్తే తెలిసింది. నమోదు చేసుకున్న ఎనిమిది నెలల్లో ఆయన పట్టీతో పెట్టెలు బాగుచేశారే గానీ అన్నం తినలేదు. తినేముందు తీసి గూట్లో పెట్టేవారు. మరి నాలుగేళ్లుగా తిన్నది ఎవరి చేత్తో?

"కంపెనీ దగ్గర ఎనభై వేల చేతులున్నయి అక్కా" అంది స్వరూప ఫోనులో. "అందరివీ కలిపి ఒక సగటు చెయ్యి చేసిన్రు. మనిషి దగ్గర లేని కదలిక కావాల్సొస్తే అండ్లకెల్లి తీసి నింపుతరు. ఇదీ అని చెప్పరు. మా దగ్గర కూడ ఉన్నయి, పేర్లతోని. ఇష్టమున్నోళ్లు ఇచ్చిపోయిన్రు. దింపుకో."

దింపాను. అన్నం కలపడం ఇచ్చింది గద్వాల దగ్గర ఒక లారీ డ్రైవరు. బొత్తాలు పెట్టడం కడపలో ఒక దర్జీ ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం మా ఆయన కలిపిన ముద్ద చూసి నాకు నవ్వాగలేదు. ఈయన జీవితంలో అంత ముద్ద తినలేదు.

"డ్రైవరు గారు ఆకలి మీద ఉన్నట్టున్నారే" అని ఆయనా నవ్వారు.

నవ్వు అక్కడికే. సాయంత్రం నాలుగింటికి ఈశ్వరమ్మ పెట్టె ముందేసుకున్నారు. చెయ్యి చక్కగా గీస్తూ వచ్చింది. శ్రుతి దగ్గరపడింది. ఇంకొక్క గీత గీస్తే అయిపోతుందనగా చెయ్యి ఆకురాయిని బల్ల మీద పెట్టేసి వాలిపోయింది. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ అక్కడే ఆగింది. ఐదు రీడ్లు, ఐదుసార్లు, అదే చోట.

నేనే పాడుచేశాననుకున్నాను. ముప్పయ్యో తేదీకి ఇంకా పన్నెండు రోజులుంది. కొత్త యంత్రం తెచ్చుకుంటే కంపెనీ వాళ్లు పాత పద్ధతి మళ్లీ ఎక్కిస్తారు. ఆ రోజు దాటితే మా పేరే తీసేస్తారు. ఆ సాయంత్రం నాకు నిజంగా భయం వేసింది. మొగుడి చేతిని పట్టుకుని ప్రయోగం చేశానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోల్డరు తెరిచి కూర్చున్నాను. అరుగులో ప్రతి కదలికనూ గీతలుగా గీసి చూడొచ్చు. మొదటి రోజుది చూశాను. పని ముగిసే చోట కండరాల గీతలు ఒక్కసారిగా తెగిపోయాయి. రెండో రోజుదీ అంతే. పదోదీ, నూరోదీ అంతే. రెండువందల పన్నెండు రోజుల్లో ఒక్క రోజు కూడా చివరి గీత లేదు. పాడయింది సిస్టమ్ కాదు. ఆ కదలిక అసలు నమోదే కాలేదు. నేను లేచి వరండాలోకి వెళ్లాను.

"ఏమండీ, ఆ రోజుల్లో పని ముగిసే ముందు పట్టీ తీసేసేవారు గుర్తుందా? దురద అనేవారు."

ఆయన కాసేపు ఈశ్వరమ్మ పెట్టె తిత్తిని ఎడమచేత్తో సవరించారు.

"దురద కాదులే."

"మరి?"

"మా నాయన నేర్పిన పద్ధతి. చివరి గీత ఎవరి కంటా పడకూడదు. గిరాకీ ఎదురుగా కూర్చుంటే వీపు తిప్పి గీసేవాడు. నేనూ అంతే. నీకు తెలుసుగా. మరి ఆ పట్టీ కూడా చూసేదే కదే. దాని ముందు మాత్రం ఎట్టా గీస్తా?"

నాకు కోపం రావాలి. రాలేదు. పట్టీకి కూడా వీపు తిప్పిన మనిషిని ఏమంటాం?

"అయితే ఈ నాలుగేళ్లూ మీ చివరి గీత గీసింది మీరు కాదు. ఎనభై వేల మంది సగటు. అది లేని చోటల్లా కంపెనీ వాళ్లు దాన్ని అతికించారు."

ఆయన తల ఎత్తారు. "ఏందీ? నేను కాదా?"

"కాదు."

"అయితే నా చెవి పోలేదా?"

నాకు అర్థం కాలేదు.

"ప్రతిసారీ చివర్లో తప్పు వినపడేదే. ఇది నా గీత కాదు, నా పలుకు కాదు అని తెలిసేది. చేసింది నా చెయ్యే కదా, మరి చెయ్యి తప్పు చేయనప్పుడు చెవే పోయుంటుంది అనుకున్నా. జబ్బుతో పాటు చెవీ పోయింది, ఎవరికీ చెప్పకుండా ఇట్టా గడిపేద్దాం అనుకున్నా." ఆయన ఎడమచేత్తో చెవి తడుముకున్నారు. "చెవి ఉందే నాకు."

నాలుగేళ్ల మౌనానికి అర్థం అప్పుడు తెలిసింది. పక్కన కూర్చుని ఆయన ఎడమచెయ్యి పట్టుకున్నాను. పక్కనే ఉండి కూడా అడగాల్సినట్టు అడగలేదని నాకు చాలా బాధ వేసింది. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

కానీ బాధపడుతూ కూర్చుంటే పెట్టె పలకదు. ఆ గీత ఆయన తలలో ఉంది. కుడి చేతికి చేరే దారి లేదు. ఎడమచేతికి ఆ ఒడుపు రాదు. నమోదు చేయాలంటే ఆడే చెయ్యి ఒకటి కావాలి.

"పట్టీ నేను కట్టుకుంటా. నాకు నేర్పండి" అన్నాను.

"నీకా?" అన్నారాయన.

"నాకే. ముప్పై నాలుగేళ్ల కాపురం. ఒక్కసారి కూడా నాకు చూపించలేదు. ఇప్పుడు చూపించండి. లేదంటే రేపే కంపెనీకి ఫోను చేస్తా. సగటు చెయ్యి వస్తుంది, అందరి పెట్టెలూ ఒకటే మోత మోగుతాయి. ఏం చేద్దాం, మీరే చెప్పండి."

ఆయన వీధి వైపు చూశారు. తండ్రి గుర్తొచ్చి ఉంటాడు. చివరికి, "ఆ తలుపు దగ్గరికెయ్యి" అన్నారు.

తలుపు దగ్గరికి వేసి, పాత పెట్టెల్లోంచి తీసేసిన రీడ్లు ముందేసుకున్నాం. ఆయన ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. ఆకురాయిని నిటారుగా కాదు, రవ్వంత ఏటవాలుగా పెట్టాలి. ఊపిరి తీసుకుని గీత మొదలుపెట్టి, స్వరం పెరుగుతూ శ్రుతి కలిసీ కలవకముందే ఎత్తేయాలి.

"ఇంకా కలవలేదు కదా" అన్నాను.

"కలవకూడదు. కలిసిందాకా గీస్తే తర్వాత ఎక్కువైపోద్ది. మా నాయన అనేవాడు, గీసినప్పుడు రీడు అలుగుద్దిరా, దాన్ని కాసేపు వదిలేస్తే అదే వస్తది అని."

నాకు ఫక్కున నవ్వొచ్చింది. "అలక కాదండీ, వేడి. ఆకురాయి రాపిడికి ఇత్తడి వేడెక్కుతుంది, వేడి మీద స్వరం దిగుతుంది. చల్లారితే పైకి వస్తుంది. మీ నాన్నగారు ఆ కాస్తా లెక్కగట్టి ముందే ఆగేవారు."

"ఇంత చిన్నదానికా మేం ఇన్నేళ్లు వీపు తిప్పుకుంది?" అన్నారాయన ఆశ్చర్యపోతూ.

చిన్నదని ఆయన అన్నారు గానీ చేతికి రావడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. ఎక్కడ ఆగాలో లెక్క చెబుతుంది. ఆపాల్సింది మాత్రం చెయ్యి. ఒక్కో రీడుకు ఒక్కో చోటు. పంతొమ్మిది రీడ్లు పాడుచేశాను. ఆయన తిట్టారు, నేను ఎదురు తిట్టాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం గీసి ఎత్తేశాక, ఆయన కళ్లు మూసుకుని రీడు చల్లారేదాకా ఆగి ఊది చూశారు.

"అదీ" అన్నారు. అంతే అన్నారు. నేను పట్టీలో దాన్ని నమోదు చేశాను. తర్వాత రెండు రోజుల్లో ఇంకో నలభై.

ఇరవై తొమ్మిదిన కంపెనీ నుంచి ఫోనొచ్చింది, కొత్త యంత్రం పంపించమంటారా అని. అక్కర్లేదన్నాను. పెట్టేశాక ఆ నంబరును ఒక కాగితం మీద రాసి దాచుకున్న మాట నిజం.

మర్నాడు పొద్దున ఈశ్వరమ్మ వచ్చింది. పెట్టెలో అన్నీ అయిపోయాయి, ఒక్క రీడు మాత్రం ఆయన కావాలనే మిగిల్చి ఉంచారు. ఆమె కుర్చీలో కూర్చుంది. పట్టీ నా చేతి నుంచి ఆయన చేతికి మారింది. చెయ్యి చొక్కా అంచుకు బొటనవేలు తుడుచుకుని గీయడం మొదలుపెట్టింది. చివరి గీత వచ్చేసరికి, ఎన్నేళ్ల అలవాటో, ఆయన ముక్కాలిపీట మీద వీపు తిప్పేశారు.

ఈశ్వరమ్మ మర్యాదగా వీధి వైపు చూసింది. ఆ మర్యాద ఆమెకూ అలవాటే.

ఆయన అలాగే ఒక క్షణం ఆగారు. తర్వాత పీటతో సహా మళ్లీ ఇటు తిరిగారు. "చూడు చెల్లెమ్మా, పర్లేదు" అని, అందరి ఎదుటా గీశారు. చెయ్యి ఆయనదే, గీత నాది. శ్రుతి కలవకముందే ఆకురాయి లేచింది.

"ఆగు. ఇప్పుడే వాయించొద్దు" అన్నారు. ముగ్గురం టీ తాగాం. అప్పుడు రీడు బిగించి పెట్టె ఆమె ముందుకు తోశారు. ఆమె తిత్తి ఊది, మెట్ల మీద వేళ్లు పోనిచ్చి, పద్యం ఎత్తుకుంది. పైస్థాయిలో రాగం పట్టి, అక్కడే నిలబడి, చాలాసేపు దిగలేదు. ఎదురింటి వాళ్లు బయటికొచ్చారు.

"ఇది నా పెట్టె" అంది ఈశ్వరమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "చివర్లో మాత్రం ఏదో కొత్త పలుకుందన్నా. బాగుంది. ఏందది?"

"మీ వదిన" అన్నారాయన.

ఆమె వెళ్లాక అరుగు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. రోజూ వచ్చేదే, రోజూ తోసేస్తున్నదే: "మీ కదలికలను ఇతరులతో పంచుకుంటారా?" నేను తోసేయబోయాను.

"ఉండు" అన్నారాయన. బొత్తాలు పెట్టుకున్న చొక్కా వైపు చూసుకున్నారు. "కడపాయన బొత్తాలిచ్చాడు. గద్వాలాయన అన్నం పెడుతున్నాడు. మనం మాత్రం వీపు తిప్పుకుని కూర్చుంటే ఏం బాగుంటది? ఇచ్చెయ్. పేరు నీదీ రాయి, నాదీ రాయి. మా నాయనదీ రాయి."

మూడు పేర్లూ రాసి పంపాను.

మూడు వారాలకు పర్లాకిమిడి నుంచి ఒక సందేశం వచ్చింది. అక్కడ హార్మోనియాలు బాగుచేసే ఒక మనిషికి చెయ్యి పడిపోయిందట. మా చెయ్యి దింపుకున్నాడట. "చాలా బాగుంది. కానీ ఒక లోపం ఉంది. శ్రుతి కలవకముందే చెయ్యి ఆగిపోతోంది. దయచేసి సరిచేయగలరు."

చదివి వినిపించాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. జవాబు నేను కొడతానంటే వద్దన్నారు. కుర్చీ లాక్కుని కూర్చుని, కుడి చేత్తో, ఒక్కో అక్షరం నొక్కుతూ తానే రాశారు. టైపు చేసిన ఆ కదలిక సిద్దిపేట స్వరూప ఇచ్చింది.

"లోపం కాదు తమ్ముడూ. చల్లారేదాకా ఆగు. అప్పుడు విను."